ఒక బ్రౌజరు, అనేక ప్రక్రియలు

ఒక విద్యార్థిని బ్రౌజరులో ఉపకార వేతనపు దరఖాస్తు నింపుతోందనుకోండి. పక్క ట్యాబులో తెరిచిన వేరొక పేజీ లోపం వల్ల కూలిపోయింది. సగం నింపిన దరఖాస్తు గతి ఏమిటి?

నడుస్తున్న ప్రోగ్రామును కంప్యూటరు పరిభాషలో ప్రక్రియ అంటారు. ఒక్కొక్క ప్రక్రియకు ఆపరేటింగ్ సిస్టమ్ విడిగా మెమొరీ కేటాయిస్తుంది. పూర్వపు బ్రౌజర్లలో సాధారణంగా పేజీలన్నీ ఒకే ప్రక్రియలో నడిచేవి. కావున ఒక పేజీ కూలితే బ్రౌజరే కూలేది, దరఖాస్తూ పోయేది.

2008 సెప్టెంబరులో గూగుల్ విడుదల చేసిన క్రోమ్, పేజీలను వేర్వేరు ప్రక్రియలకు అప్పగించింది. 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8, 2016 నుంచి ఫైర్‌ఫాక్స్ ఇదే బాట పట్టాయి.

ఈ విభజన వల్ల రెండవ ప్రయోజనం భద్రత. పేజీని నడిపే ప్రక్రియకు కంప్యూటరులోని ఫైళ్లను నేరుగా తాకే అధికారం ఉండదు. ప్రధాన ప్రక్రియ అనుమతి కావాలి. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. ఒకే ప్రక్రియలో ఉన్న ఇతర సైటు రహస్యాలను దుష్ట పేజీ గ్రహించగలదని తేలింది. ఆ ఏడాదే క్రోమ్, డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఒక్కొక్క సైటును ప్రత్యేక ప్రక్రియలో ఉంచసాగింది.

ఇందుకు మూల్యం లేకపోలేదు. ప్రక్రియలు పెరిగినకొద్దీ మెమొరీ వినియోగం పెరుగుతుంది. పాత కంప్యూటర్లు మందగిస్తాయి. అక్కరలేని ట్యాబులను మూసివేస్తే ఆ భారం తగ్గుతుంది. మిగిలిన భారం దరఖాస్తు భద్రంగా ఉండడానికి చెల్లించే వెల.