గుండెజబ్బు – వంశపరీక్ష



పొలమున పనిచేయుచున్న యువకుడు హఠాత్తుగా కూలి మరణించినచో విధివ్రాత యందుము; కోడలి పాదము మంచిది కాదనియు నందుము. కొన్ని కుటుంబములలో అసలు కారణము గుండెకండరము దళసరియగు వంశపారంపర్య వ్యాధి. తల్లిదండ్రులలో ఒక్కరికి ఆ జన్యులోపమున్నను, ఆడ మగ భేదము లేక ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము కలదు.

భారత ఉపఖండ ప్రజలలో నూటికి సుమారు 4గురికి గుండెకండరమును బలహీనపరచగల ఒక జన్యులోపము కలదని, హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన 2009లో తెలిపినది. లోపమున్న వారందరును రోగులు కారు.

మొదట రోగి నెత్తురు పరీక్షింతురు. లోపము బయటపడినచో తోబుట్టువులకును, బిడ్డలకును అదే లోపమును వెదకుదురు. అది లేనివారికి ఆ భయము తీరును. ఉన్నవారు వైద్యుడు చెప్పిన గడువులలో ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయించుకొని జాగ్రత్తపడవచ్చును.

కావున ఇంట అకాలమరణము సంభవించినచో, నిందలు మాని, తక్కినవారిని గుండెవైద్యునికి చూపుడు.