చిప్పు పేరు అడగండి

పాత సర్వర్ ఒకటి కొని, దాని మీద పీఎఫ్‌సెన్సో ఓపీఎన్‌సెన్సో వేసి ఆఫీసుకు ఫైర్‌వాల్‌గా పెట్టుకుందామనుకునేవాళ్లు మీలో ఉన్నారు. మంచి ఆలోచన. కానీ డబ్బు చేతులు మారకముందే అందులోని నెట్‌వర్క్ కార్డు సంగతి తేల్చుకోండి.

2004లో మొదలైన పీఎఫ్‌సెన్స్, 2015 జనవరిలో దాన్నుంచి విడిపోయి వచ్చిన ఓపీఎన్‌సెన్స్, రెండూ నడిచేది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. అందుకే "లినక్స్‌లో బాగా పనిచేసింది సార్" అన్న దుకాణదారు మాట నిజమే అయినా మనకు చాలదు. ఆ చిప్పును నడిపే డ్రైవర్ ఫ్రీబీఎస్‌డీలో ఉందా అన్నదే ప్రశ్న.

అట్టపెట్టె మీద "గిగాబిట్, రెండు పోర్టులు" అని ఉంటుంది. లోపల ఇంటెల్ ఉండొచ్చు, బ్రాడ్‌కామ్ ఉండొచ్చు, రియల్‌టెక్ ఉండొచ్చు. అసలు గుర్తు చిప్పు చెప్పే నంబరులో ఉంటుంది: ఇంటెల్‌ది 8086, రియల్‌టెక్‌ది 10ఈసీ, బ్రాడ్‌కామ్‌ది 14ఈ4. దాని పక్కనే మోడల్ నంబరు. ఈ రెండూ పట్టుకుని ఫ్రీబీఎస్‌డీ హార్డ్‌వేర్ జాబితాలో వెతకండి, మీరు వేయబోయే వెర్షన్ జాబితాలోనే. కొత్త చిప్పుకు డ్రైవర్ ఆలస్యంగా వస్తుంది. ఒకే కంపెనీ చిప్పులకైనా డ్రైవర్లు వేరు: ఇంటెల్ ఐ350కి ఐజీబీ, 2.5 గిగాబిట్ ఐ225కి ఐజీసీ.

అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, ఓపీఎన్‌సెన్స్‌ను పెన్‌డ్రైవ్‌లో రాసుకుని దుకాణంలోనే ఆ సర్వర్‌ను దాంతో బూట్ చేయడం. డిస్కును ముట్టుకోనక్కర్లేదు. "పీసీఐకాన్ఫ్ -ఎల్‌వీ" అని కొడితే కార్డులన్నీ వరుసగా వస్తాయి. ఐజీబీ0 అని ఉంటే డ్రైవర్ దొరికినట్టే. "నన్" అని మొదలైతే ఆ కార్డును ఏ డ్రైవరూ అందుకోలేదు. బేరం అక్కడే ఆపేయండి.

10 గిగాబిట్ కార్డులతో మరో చిక్కుంది. ఇంటెల్ ఎక్స్520 తాను ఒప్పుకున్న ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూల్‌నే తీసుకుంటుంది. వేరేది పెడితే, సెట్టింగు మార్చేదాకా పోర్టు లేవదు. చూసేవాళ్లకు కార్డే చెడిపోయిందనిపిస్తుంది.

కార్డు కనిపించడం వేరు, బరువు మోయడం వేరు. రియల్‌టెక్ చిప్పులు జాబితాలో ఉన్నా, రద్దీ పెరిగినప్పుడు కొన్ని మొరాయిస్తాయి. ఆఫీసు ఫైర్‌వాల్‌కు నేనైతే వాటిని సిఫారసు చేయను. ఏది కొన్నా ఐపర్ఫ్ అనే నెట్‌వర్క్ పరీక్ష సాధనంతో గంటసేపు నిండుగా ట్రాఫిక్ పంపించి, "నెట్‌స్టాట్ -ఐ"లో ఎర్రర్ల అంకె పెరుగుతోందేమో చూసి, ఆ తర్వాతే ఆఫీసు లైను దానికి తగిలించండి.