చూసిందే రాయాలి: పిల్లలకు శాస్త్రీయ పద్ధతి



పిల్లలకు శాస్త్రీయ పద్ధతి ఎలా నేర్పాలో చెప్పమని మమ్మల్ని అడిగారు. బి.ఇడి. చదివేటప్పుడు మేము దాని మెట్లన్నీ కంఠస్థం చేశాము. సమస్యను గుర్తించడం, ఊహించడం, ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ. మార్కులు కూడా బాగానే వచ్చాయి. కాని దాని అసలు అర్థం మాకు తెలిపింది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు.

కొన్నేళ్ళ క్రితం మాట. అప్పుడు మేము కర్నూలులో పనిచేస్తున్నాము. ఫిబ్రవరి నెల మధ్యలో బడి ఆవరణలో మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెట్టి, 11:30 నుంచి ఒంటిగంట దాకా అరగంటకొకసారి నీడ కొలవమన్నాము. ఎన్ని గంటలకు నీడ అతి చిన్నదిగా ఉందో రాయాలి. తరగతంతా 12 గంటలని రాసింది. ఆ అమ్మాయి మాత్రం 12:30 అని రాసింది. మేము ఎర్ర సిరాతో కొట్టివేశాము.

"కొలిచే రాశాను సార్" అంది. పన్నెండుకు 57 సెంటీమీటర్లు, పన్నెండున్నరకు 54.5, ఒంటిగంటకు 56.5. అంకెలు చూశాక మాకే అనుమానం వచ్చింది.

మరునాడు అందరం కలిసి వేరే పద్ధతిలో చూశాము. కర్ర చుట్టూ వృత్తం గీశాము. ఉదయం నీడ కొస లోపలికి వస్తూ గీతను తాకిన సమయం, మధ్యాహ్నం బయటికి పోతూ మళ్ళీ తాకిన సమయం రాసుకున్నాము. రెండింటికీ సరిగ్గా మధ్య సమయం 12:32 అయింది. ఇది మన దేశంలో ప్రాచీనులు వాడిన పద్ధతే. అరబీ ఖగోళ గ్రంథాలలో దీని పేరు 'భారతీయ వృత్తం'.

కారణం తర్వాత వివరించాము. మన గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. కర్నూలు దానికి నాలుగున్నర డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు 18 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. భూమి కక్ష్య, అక్షం వంపు వల్ల ఫిబ్రవరిలో మరో 14 నిమిషాలు కలుస్తాయి. నవంబరు మొదట్లో అదే 12:02 దగ్గరికి వస్తుంది. నమాజు వేళల పట్టికలో జవాల్ సమయం నెలనెలా మారేది అందుకే. ఆ పట్టిక మా ఇంటి గోడకే ఉంది. రోజూ చూస్తూనే ఆ బిడ్డ జవాబు కొట్టివేశాము.

అంతకంటే బాధ కలిగించిన మాట మరొకటి. ఒక అబ్బాయి మెల్లగా వచ్చి, "నాకూ అలాగే వచ్చింది సార్, తప్పేమోనని మార్చేశాను" అన్నాడు. ఇంకా నలుగురు తలలు దించుకున్నారు. వాళ్ళ కళ్ళు సరిగానే చూశాయి. చూసినదాన్ని దిద్దుకోవడం వాళ్ళకు నేర్పింది మా ఎర్ర సిరాయే.

ఆనాటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాము. ప్రయోగానికి ముందే ప్రతి పిల్లవాడూ తన ఊహను సిరాతో రాయాలి. ఊహ తప్పయితే మార్కులు తగ్గవు. కొలిచిన అంకెను చెరపకూడదు, అనుమానముంటే మళ్ళీ కొలిచి దాని పక్కన రాయాలి. ఒకరి ఫలితాన్ని మరొకరు సొంతంగా కొలిచి చూసేదాకా నిర్ధారణ రాయకూడదు. ఆ మరొకరిలో మాస్టారూ ఉండాలి. ఇలా చేస్తే పాఠం ఆలస్యమవుతుంది, సిలబస్ వెనకబడుతుంది. అయినా ఏడాదికి నాలుగు ప్రయోగాలైనా ఇలా చేయించగలిగితే చాలు.

సొసైటీ పెద్దలకు ఒక మనవి. మీరు పిల్లలకు పుస్తకాలు, ఫీజులు ఇస్తున్నారు. వాటితో పాటు ఒక్కో బడికి ఒక మీటరు కర్ర, టేపు, గోడ గడియారం ఇప్పించండి. పెద్ద ఖర్చు కాదు.

తల్లిదండ్రులకూ ఒక మనవి. బిడ్డ ఇంటికొచ్చి "పుస్తకంలో ఒకలా ఉంది, నాకు ఇంకోలా కనిపించింది" అంటే కసరకండి. "ఏదీ, నాకూ చూపించు" అనండి. ఆ అమ్మాయికి ఆరోజు మేము అనవలసిన మాట అదే.

సెలవు.