గ్రౌండునే తరగతి గది చేసిన రహీం సారు

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో సగం మంది పంతుళ్లే ఉన్నరు. మిగిలినోళ్లు పంతుళ్ల దగ్గర చదువుకుంటున్నోళ్లు. అందుకే ఇయ్యాల నేను కోచ్ రహీం గురించి కన్నా బడిపంతులు రహీం గురించే ఎక్కువ మాట్లాడుత. 2024లో హిందీలో ‘మైదాన్’ అని ఒక సినిమా వచ్చింది. రహీం సారు వేషం అజయ్ దేవగన్ వేసిండు. మన హైదరాబాద్ పంతులు ముచ్చట బొంబాయి సినిమావోళ్లు చెప్తే గాని మన పిల్లలకు తెల్వకపాయె. అది సంతోషమే, సిగ్గు గూడ.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న పుట్టిండు. ఉస్మానియాలో బి.ఏ. చదివిండు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఇవీ ఆయన పాఠాలు చెప్పిన బడులు. పేర్లు వింటుంటేనే మన గల్లీలు కండ్ల ముందట కనబడుతయి. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల సారు అయిండు. 1943 నుంచి కన్నుమూసేదాక హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. 1954 దాక వరుసగ ఐదేండ్లు బొంబాయి పోయి రోవర్స్ కప్పు కొట్టుకొచ్చింది ఆ జట్టు.

ఎట్ల సాధ్యమైందంటే, ఆయన పెట్టిన పోటీలు చూడండ్రి. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయొద్దు. బంతి కాలికి తాకంగనే పక్కోనికి ఇయ్యాలె. ఇంకో పోటీలో బలమైన కాలు వాడొద్దు. కుడికాలుతో ఆడెటోడు ఎడమకాలుతోనే ఆడాలె. ఇది పంతులు బుర్రలో పుట్టే ఆలోచన. పిల్లగానికి కూడికలు వస్తయి, భాగహారం రాదనుకుందాం. వచ్చిన కూడికలనే పదిసార్లు చేయించి నూటికి నూరు వేసే పంతుళ్లూ ఉంటరు. మంచి పంతులు భాగహారమే పెడతడు. రహీం సారు రానిదాన్నే ఆటగ మార్చి పిల్లల ముందట పెట్టిండు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింట్లో పుట్టిన తులసీదాస్ బలరాం ముచ్చట మీలో కొందరికి తెలిసే ఉంటది. పోరని ఆట సారు కంట్లో పడ్డది. హైదరాబాద్ గ్రౌండుకు రమ్మన్నడు. రోజూ అంత దూరం వచ్చెటందుకు పైసలు లేవు. సైకిల్ కిరాయికి సారే డబ్బులిచ్చిండని బలరాం తర్వాత చెప్పుకునేటోడు. ఆ పోరడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడిండు, 1960లో రోమ్ ఆడిండు, 1962లో జకార్తాలో బంగారు పతకం మెడలో వేసుకున్నడు. 2023 ఫిబ్రవరిలో కాలం చేసిండు. ఆ సైకిల్ కిరాయి మాత్రం ఏ సర్కారు పద్దులోనూ దొరకదు.

గెలుపులే చెప్తే సారును సగమే చెప్పినట్టు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినం. మనోళ్లలో చానామంది బూట్లు లేకుండనే ఆడిన్రు. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడగొట్టి సెమీఫైనల్‌కు పోయినం. ఎదురుగ మళ్ల అదే యుగోస్లావియా. మొదటి గోలు మనది. చివరికి 4-1తో ఓడినం, నాలుగో స్థానం వచ్చింది. పదికి ఒకటి చూసిన మనిషి, నాలుగేండ్లకు వాళ్ల మీదనే ముందుగ గోలు వేయించిండంటే మధ్యలో ఎంత హోంవర్కు జరిగి ఉంటదో పంతుళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంకొక సంగతి. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మ్యాపులో లేకుండ పోయింది. ఆ సీజన్‌లోనూ, దాని వెనుక సీజన్‌లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. రాష్ట్రం పోయినంక గూడ గ్రౌండు మీద పేరు బతికింది. ఎందుకు చెప్తున్ననో ఈ సభకు విప్పి చెప్పాల్నా?

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం గూడ మంచి ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నడు. కోచ్ తండ్రే. ఒక్క మ్యాచ్ గూడ ఆడనియ్యలే. మన ఆఫీసుల్లో, కమిటీల్లో ‘మావోడు’ అనే మాట ఎంత పనిచేస్తదో మీకు తెలుసు. అందుకే ఈ ఒక్కటి యాది పెట్టుకోండ్రి.

ఇగ జకార్తా. 1962 ఆసియా క్రీడలకు ఇండోనేషియా ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానియ్యలే. మన ప్రతినిధి సోంధి తప్పుపట్టిండు. దాంతో అక్కడి జనం మనోళ్లంటేనే మండిపడుతున్నరు. పైగా మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినం. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ల అదే కొరియాతోని. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకు కుట్లు పడ్డయి. సారు ఆయనను ఫార్వర్డ్‌గ ఆడించిండు. పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1తో గెలిచినం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత బంగారం రాలేదు, ఇప్పటిదాక.

అప్పటికే సారు ఊపిరితిత్తులను క్యాన్సర్ తింటున్నది. 1963 జూన్ 11న పోయిండు. 53 ఏండ్లు. రిటైర్మెంట్ రోజు శాలువ, పూలదండ, పొద్దుగాల మనుమని చెయ్యి పట్టుకొని గ్రౌండుకు పోవుడు, ఇవన్నీ దక్కే వయసు దాక బతకలే. బతికుండంగ పద్మ పురస్కారం రాలే. గురువులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని పుట్టలే.

ఇప్పుడు మన బడుల్లో ఆటల పీరియడ్‌ను సిలబస్ మింగింది. పరీక్షలు దగ్గరికొస్తే మొదలు పోయేది అదే. గ్రౌండు లేని బడికి పర్మిషన్ ఎట్ల వస్తున్నదో అడిగెటోడు లేడు. పంతుళ్ల సంఘాలు పీఆర్సీ కోసం కొట్లాడుతున్నయి, కొట్లాడాలె. ఆ డిమాండ్ల కాగితంలో వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులు, బడి గ్రౌండు గూడ మొదటి పేజీలోనే రాయమని నా విన్నపం.

విద్యార్థులకు ఒక పని చెప్తున్న. రహీం సారు దగ్గర ఆడినోళ్లు, ఆయన ఆడిస్తుంటే గోడెక్కి చూసినోళ్లు ఇప్పుడు ఎనభై దాటిన తాతలు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో, సికింద్రాబాద్ బస్తీల్లో ఇంకా కొందరు ఉండి ఉంటరు. మీ ఇంట్లోనే ఉన్నరేమో అడగండ్రి. పక్కన కూసోండ్రి, సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండ్రి. ఏ గ్రౌండు ఎక్కడుండె, ఇప్పుడు అక్కడ ఏమున్నదో గూడ రాసుకోండ్రి. వచ్చే సభకు ఆ కాగితాలు పట్టుకొని రండ్రి.