తేదీ లేని కాగితం

(సెప్టెంబరు 8, అక్షరాస్యతా దినం నాడు రాత్రి బడిలో ఒక టీచరమ్మ చెప్పిన మాటలు)

 

మీరంతా చదవటం నేర్చుకున్నారు. సంతకం పెడుతున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. ఫోన్‌లో వచ్చే మెసేజీలు కూడా చదువుతున్నారు. ఈ రోజు ఆ ఫోన్ గురించే నాలుగు మాటలు చెబుతాను. ముందుగా నా తప్పు ఒకటి మీ ముందు చెప్పుకుంటాను.

2024 మే 13న మన రాష్ట్రంలో ఓట్లు పడ్డాయి. అసెంబ్లీకి, పార్లమెంటుకు ఒకేసారి ఎన్నికలు. నెల ముందు నుంచే ఊళ్లో ఫోన్లు మోగుతూ ఉన్నాయి. ఒక పార్టీ వాళ్లు ఒకటి పంపితే, ఇంకో పార్టీ వాళ్లు రెండు పంపేవాళ్లు.

ఒక రోజు నా ఫోన్‌కు ఒక కాగితం ఫోటో వచ్చింది. ఫలానా పార్టీ గెలిస్తే బ్యాంకులో ఉన్న పొదుపు డబ్బు తీసేసుకుంటారు అని దాని మీద ఉంది. నాకు గుండె గుభేలుమంది. మా అమ్మ కూడా పొదుపు సంఘంలో సభ్యురాలే. సంఘం లెక్కలు రాసేది నేనే. వెనకా ముందూ చూడలేదు. సంఘం వాట్సాప్ గ్రూపులోకి పంపేశాను.

మా సంఘంలో ఇద్దరు లీడర్లు. ఇద్దరివీ వేరు వేరు పార్టీలు. ఒకామె "చూశారా మీ పార్టీ సంగతి" అని పెట్టింది. రెండో ఆమె "నువ్వు ఎంతకు అమ్ముడుపోయావు?" అని పెట్టింది. ఇంక అక్కడి నుంచి ఆగలేదు. మొగుళ్లను, పిల్లలను, చచ్చిపోయిన పెద్దలను కూడా అనుకున్నారు. గ్రూపులో అందరూ చూస్తూనే ఉన్నారు. ఒక్కరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

వాళ్లవి పక్కపక్క ఇళ్లు. మధ్యన ఒక్కటే గోడ. ఇరవై ఏళ్లుగా ఆ గోడ మీదుగా కూరలు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు. ఎదురెదురుగా నిలబడితే ఆ మాటలు వాళ్ల నోట వచ్చేవి కావు. ఎదుటి మనిషి కంట్లో నీళ్లు కనబడేవి. ఫోన్‌లో అవి కనబడవు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు మన పెద్దలు.

జూన్ 4న ఫలితాలు వచ్చాయి. గెలిచినవాళ్లు గెలిచారు. ఓడినవాళ్లు ఓడారు. మా సంఘం మీటింగు మాత్రం జరగలేదు. ఇద్దరు లీడర్లూ సంతకం పెడితేనే బ్యాంకులో డబ్బు ఇస్తారు. ఆ ఇద్దరూ ఒక చాప మీద కూర్చోరు. అప్పుడే సంఘంలో ఒక అక్క కూతురికి కాన్పు కష్టమైంది. ఆసుపత్రికి డబ్బు కావాలి. సంఘంలో పొదుపు ఉంది. చేతికి రాలేదు. ఆమె నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చుకుంది. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ అప్పు తీర్చటానికి ఆమెకు ఏడాది పట్టింది.

ఒక రాత్రి బడిలో ఆ కాగితం మాట వచ్చింది. అరవై ఏళ్ల పెద్దమ్మ ఒకామె నా ఫోన్ అడిగి తీసుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదివి ఇలా అంది:

"టీచరమ్మా, దీని మీద తేదీ లేదే! ఏ బ్యాంకో లేదు. కింద సంతకం లేదు. అర్జీ రాస్తే తేదీ వెయ్యాల, సంతకం పెట్టాల అని నువ్వే గదా చెప్పావు. మరి దీన్ని ఎట్ట నమ్మావు?"

నాకు సిగ్గేసింది. నేను ట్రైనింగు చేసి సర్టిఫికెట్టు తెచ్చుకున్నదాన్ని. ఆమె చదువు నేర్చి ఏడాది కూడా కాలేదు. నేను భయంతో చదివాను. ఆమె కళ్లతో చదివింది.

మరునాడు బ్యాంకుకు వెళ్లి అడిగాం. అలాంటి కాగితం ఏదీ లేదన్నారు. నేను ఇద్దరు లీడర్ల ఇళ్లకూ వెళ్లాను. "పంపింది నేనే. తప్పు నాది" అన్నాను. గ్రూపులో కూడా అదే రాశాను. వారం తర్వాత ఇద్దరూ మీటింగుకు వచ్చారు. ఇద్దరి పార్టీలూ ఇప్పటికీ వేరే. ఉండనీయండి. పార్టీ వేరు కావటం తప్పు కాదు. వేరు వేరు ఆలోచనలు ఉండబట్టే ఓటు అనేది ఉంది.

అక్కలారా! మాకు పోయింది వడ్డీ డబ్బు, కొన్నాళ్ల మాటలు. కొన్నిచోట్ల ప్రాణాలే పోయాయి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో పుకారు పాకింది. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలో, ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్లో అయిదుగురిని కొట్టి చంపారు. వాళ్లు ఊరూరా అడుక్కుని బతికే సంచార కులం వాళ్లు. ఏ పాపం ఎరగరు. తెలంగాణలో గద్వాల జిల్లాకూ ఆ పుకారు వచ్చింది. అక్కడి పోలీసు అధికారి రెమా రాజేశ్వరి గారు పోలీసులను పల్లెలకు పంపారు. పాటలతో, డప్పులతో ఊరూరా నిజం చెప్పించారు. అక్కడ జనం విన్నారు.

మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఉంది. అక్కడి ఆడవాళ్లు మనలాగే చదువుకోవటానికి కూర్చున్నారు. "సీతమ్మ కథ" అనే పాఠం చదివారు. చదివి, మాట్లాడుకున్నారు. 1992లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు ఊరూరా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. ఆ పోరాటం ఏ పార్టీ వాళ్లో మొదలుపెట్టింది కాదు. చదువు నేర్చిన ఆడవాళ్లు మొదలుపెట్టింది. అక్షరం వాళ్లను కలిపింది. అదే అక్షరం మనల్ని విడదీయాలా?

అందుకే ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి. మెసేజి రాగానే పంపకండి. రెండుసార్లు చదవండి. ఎవరు రాశారు? ఎప్పుడు? ఎక్కడ? చూడండి.

రెండు. మెసేజి పైన బాణం గుర్తు ఉందేమో చూడండి. ఒక బాణం ఉంటే, అది పంపినవాళ్లు సొంతంగా రాసింది కాదు. రెండు బాణాలుంటే, చాలా చేతులు మారి వచ్చింది. ఇలాంటివి పాకిపోతున్నాయనే 2020 నుంచి రెండు బాణాల మెసేజిని ఒకసారికి ఒక్క చోటికే పంపేలా వాట్సాప్ వాళ్లు కట్టడి పెట్టారు.

మూడు. మాట నచ్చకపోతే మాటను కాదనండి. మనిషిని తిట్టకండి. "ఇది నిజం కాదేమో అక్కా, ఎక్కడిది?" అని అడగండి.

నాలుగు. కోపం వస్తే ఫోన్ పక్కన పెట్టండి. వాళ్ల ఇంటికి నడిచి వెళ్లండి. ఎదురుగా అనలేని మాట ఫోన్‌లోనూ అనకండి.

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఇప్పుడు ఫోన్ కూడా మన నోరే.

మీ ఫోన్‌లో నిన్న వచ్చిన మెసేజి ఒకటి తీయండి. దాని మీద తేదీ ఉందా? పేరు ఉందా? పక్కన కూర్చున్న అక్కతో కలిసి చదవండి. మాట్లాడుకోండి.

సెలవు.