బోర్లపాటు మొదలు తొలిపలుకు వరకు

తెలుగువారి యిండ్లలో పసిబిడ్డ యెదుగుదలను పిండివంటలతో లెక్కించుట అలవాటు. నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, అడుగు వేసిన అరిసెలు, పలికిన పంచదార చిలుకలు ఇరుగుపొరుగులకు పంచుదురు. ప్రాస కొరకే ఈ వంటకములు కుదిరినవేమో కాని, ఆ వరుసలో పెద్దల సూక్ష్మదృష్టి లేకపోలేదు. మెడ నిలిచిన పిమ్మట నడుము, నడుము నిలిచిన పిమ్మట కాళ్ళు. బిడ్డకు పట్టు తలనుండి క్రిందికి దిగును. మన అవ్వలు వరుసను గుర్తించిరి. ఏ నెలలో అరిసెలు వండవలెనో మాత్రము ఎవ్వరును శాసింపలేదు.

తేదీల బెంగ తరువాత వచ్చినది. "పక్కింటి పాప పదవ నెలలోనే నడిచినది, మావాడింకను గోడ విడువడు" అని తల్లులు దిగులుపడుచుందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన పరిశీలన వారికి కొంత ఊరట కలిగింపవలెను. మన దేశముతో గూడ ఐదు దేశములలో 816 మంది ఆరోగ్యవంతులగు శిశువులను చూడగా, ఆధారము లేక కూర్చుండుట నాలుగవ నెల మొదలు తొమ్మిదవ నెల వరకును, ఒంటరిగా నడచుట ఎనిమిదవ నెల దాటినది మొదలు పదునెనిమిదవ నెలకు చేరువ వరకును జరిగినది. నూటికి నలుగురు పిల్లలు చేతులు మోకాళ్ళు ఆనించి ప్రాకనే లేదు. తిన్నగా లేచి నడిచిరి! నెలలు నిండకముందు పుట్టిన బిడ్డకు, తక్కువైన నెలలను వయస్సునుండి తీసివేసి చూడవలెను. ఇక చక్రముల వాకరులో కూర్చుండబెట్టినచో నడక త్వరగా వచ్చునన్నది వట్టి భ్రమ. అందు ప్రమాదమే హెచ్చు. కెనడా ప్రభుత్వము 2004లో వాటి అమ్మకమునే నిషేధించినది.

అయితే ఒడలి యెదుగుదల కనబడునట్లు మనస్సు ఎదుగుదల కనబడదు. దీనిని గూర్చి మన నగరముననే మంచి కృషి జరిగినది. అంబర్‌పేట వైపునుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము దాటి తార్నాక చేరినచో జాతీయ పోషకాహార సంస్థ కనిపించును. కూనూరులో 1918లో బెరిబెరి వ్యాధిపై చిన్న పరిశోధనగా మొదలైన యీ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. డాక్టరు గోపాలన్‌గారును సహచరులును 1968లో ఒక పరిశీలనను ప్రకటించిరి. పసితనమున క్వాషియోర్కర్, అనగా సరియైన తిండి చాలక ఒడలు నీరుపట్టు జబ్బు, సోకి కోలుకొన్న 19 మంది పిల్లలను 8 మొదలు 11 ఏండ్ల ప్రాయమున వారు పరీక్షించిరి. కుటుంబస్థితి, తలిదండ్రుల చదువు మొదలగువాటిలో తమకు సమానులైన పిల్లలకంటె వీరు తెలివితేటల పరీక్షలలో వెనుకబడియుండిరి.

తిండి చాలకపోవుటయే కారణమని తేల్చుట కష్టము. ఆకలి ఉన్న యింట బిడ్డతో మాటలాడు తీరికయు కరవే గదా! ఈ చిక్కును విడదీయు ప్రయత్నము నల్లగొండ జిల్లాలో జరిగినది; తార్నాక పరిశోధకులే అందు ముఖ్యులు. దాని ఫలితములు 2013లో వెలువడినవి. అరువది గ్రామములను మూడు జట్లుగా చేసి, 600 మంది తల్లులను, వారి శిశువులను ఎన్నుకొనిరి. ఒక జట్టునకు మామూలు అంగన్‌వాడీ సేవలు మాత్రమే. రెండవ దానికి వానితోపాటు ఏమి పెట్టవలెనో, ఎప్పుడు పెట్టవలెనో బోధ. మూడవ దానికి ఈ రెంటితోపాటు, బిడ్డ కనుసన్నను గమనించుచు తినిపించుట, ఆడించుట, మాటలాడుట. శిక్షణ పొందిన గ్రామస్త్రీలే ఇండ్లకు వెళ్ళి నేర్పిరి. పదునైదవ నెలలో చూడగా, మొదటి జట్టుకంటె రెండవ జట్టు బిడ్డలు పొడవులో కొంచెము మిన్నగా ఉండిరి. మానసిక వికాస పరీక్షలో మిన్నయైనది మాత్రము మూడవ జట్టే. తేడా సగటున మూడంకములే. కాని ఆటకు, మాటకు ఖర్చేమున్నది?

గిన్నె ముందుంచుకొని కుక్కి పెట్టుట వేరు. బిడ్డ నోరు తెరచువరకు ఆగి, చందమామను చూపి, వాడు "ఊ" అన్నచో తామును "ఊ" అని గోరుముద్ద పెట్టుట వేరు. చేతికి ఫోను ఇచ్చి, వాడు దానివంక చూచుచుండగా ముద్దలు దింపుట నేడు అన్ని యిండ్లలో కనిపించుచున్నది. ముద్ద దిగును గాని మాట దిగదు.

మాట ప్రసక్తి వచ్చినది గనుక చెవిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. నడక ఆలస్యమైన ఇల్లంతయు కలవరపడును. మాట ఆలస్యమైనచో "వాళ్ళ నాన్నయు అంతే, మూడేండ్లకు గాని నోరు విప్పలేదు" అని ఊరకుందురు. మాకు భయము గొల్పునది ఈ ఊరకుండుటయే. పుట్టుచెవుడు గల శిశువు సైతము తొలి నెలలలో కేరింతలు కొట్టును, "అ, ఉ" అనును. అందుచే ఎవరికిని అనుమానము రాదు. వెనుకనుండి పళ్ళెము మ్రోగించి చూచుటయు నమ్మదగినది కాదు. నీడ కదలినను, నేల అదిరినను బిడ్డ తిరిగి చూచును. ఆరు నెలలలోపల లోపమును గుర్తించి వినికిడి యంత్రము అమర్చి శిక్షణ మొదలుపెట్టిన బిడ్డకును, మూడేండ్లకు తెచ్చిన బిడ్డకును భాషలో చాల అంతరముండును. మెదడు మాటను పట్టు అదను మరల అంత సులువుగా రాదు.

కావున ఆరు నెలలు దాటియు పిలుపునకు తల త్రిప్పకున్నను, తొమ్మిది నెలలు నిండియు కూర్చుండకున్నను, ఏడాదిన్నరకు నడక గాని, అర్థముగల ఒక్క మాట గాని లేకున్నను, రెండేండ్లు నిండియు "పాలు తా", "తాతా రా" వంటి జంటమాటలు కూర్చకున్నను వైద్యునకు చూపవలెను. వచ్చిన మాటయో, నవ్వో, చూపో మరల పోయినచో ఏ వయస్సునందైనను ఒక్కనాడును ఆగరాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో మొదలైన పిదప అంగన్‌వాడీలకే వైద్యబృందములు వచ్చి యెదుగుదలలోని జాప్యమును పరీక్షించు ఏర్పాటు కలిగినది. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో, 1984లో వెలసిన జాతీయ సంస్థలో బుద్ధి వికాసమునకు సంబంధించిన పరీక్షలును శిక్షణయు లభించును.

పోవునప్పుడు ఒక కాగితము వెంట నుంచుకొనుడు. ఏ నెలలో నవ్వెనో, ఎప్పుడు బోర్లపడెనో, ఏ మాట ముందు పలికెనో వైద్యుడు తప్పక అడుగును. తేదీలు జ్ఞాపకము లేకున్నచో బొబ్బట్లు ఏ పండుగ దగ్గర వండితిరో అత్తగారిని అడిగి వ్రాసికొనుడు, ఆమెకు జ్ఞాపకముండును.