ఆరు లైన్ల కాగితం
(సేత్తూరు యౌవనుల కూడికలో చేసిన ప్రసంగం)

మీలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివినవాళ్లు. నా ఒంగోలు తెలుగులో ఏ మాటైనా అర్థం కాకపోతే అక్కడే ఆపి అడగండి, మొహమాటపడొద్దు.

పొద్దున నేను బస్సు దిగి చర్చి మెట్ల మీద కూర్చుంటే ఒక చెల్లెమ్మ వచ్చింది. చెప్పుకోవచ్చని తనే అంది కాబట్టి పేరు లేకుండా చెబుతున్నాను. రాజపాళయంలో స్పిన్నింగ్ మిల్లులో పని, వారమంతా నైట్ షిఫ్టు. "అన్నా, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ప్రార్థన కూడా రావడం లేదు" అంది. ఏమేమిటమ్మా అని కాగితం మీద రాయించాను. రేపటి కిస్తీ. తమ్ముడి కాలేజీ ఫీజు. సూపర్‌వైజరు తిట్టి ఎక్కువసేపు చేయించుకుంటున్న పని. నిద్ర లేకపోవడం. సండేస్కూలు పిల్లలకు నేర్పుతానని నేర్పని పాట. పిన్ని కూతురు కొత్త ఇంటి ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం.

మొత్తం ఆరు లైన్లు. "ఇంతేనా?" అని తనే నవ్వింది. ఇంతే అని నేను అనలేదు, అందులో కొన్ని నిజంగా బరువైనవే. కాకపోతే ఆరూ ఒకే బరువు కాదు. అలసిపోయిన గుండెకు కిస్తీ, పిన్ని కూతురి ఇల్లు రెండూ ఒకేలా తగులుతాయి.

మొదటి రాజులు 19వ అధ్యాయం మీకు తెలుసు. కర్మెలు మీద అంత గెలుపు చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. (మనమైతే చేసేవాళ్లం, అందరికంటే ముందు నేను.) దూత తట్టి లేపి, కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. తానొక్కడే మిగిలానన్న లెక్క తప్పని, ఇంకా 7000 మంది ఉన్నారని చెప్పింది ఆ తర్వాత, హోరేబు దగ్గర. ముందు నిద్ర, తర్వాతే లెక్క. రాత్రంతా మెషీన్ల దగ్గర నిలబడిన మనిషి పొద్దున ఎనిమిదింటికి తన బతుకును తూచుకోకూడదు. ఆ సమయంలో త్రాసు సరిగ్గా చూపించదు.

నిద్రపోయి లేచినా ఏలీయా కోరిక లాంటిదే మనసులో తిరుగుతుంటే దాచుకోవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పండి. టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. డబ్బు అక్కరలేదు, తమిళంలో అయినా తెలుగులో అయినా మాట్లాడొచ్చు.

ఇక నిర్గమకాండం 5వ అధ్యాయం. ఫరో గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. చేయలేకపోతే సోమరులన్నాడు. ఆ కూలివాడి దగ్గరికి వెళ్లి "టెన్షన్ పడకు తమ్ముడూ, స్తుతించు" అంటే ఎలా ఉంటుంది? మన సంఘాల్లో అలా అన్నాం, ఇప్పటికీ అంటున్నాం. ఆ కాగితంలో రెండు లైన్లు అలాంటివే, మనసు సరిచేసుకుంటే పోయేవి కావు. వారానికి 48 గంటలు దాటి పనిచేయిస్తే ఆ గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం ఉంది. మైక్రోఫైనాన్స్ అప్పు వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేయకూడదని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఈ మాటలు ఒక్క ఆడపిల్ల వెళ్లి అడిగితే ఎవరూ వినరు. పక్కన నలుగురు నిలబడాలి. ఆ నలుగురు ఈ గదిలోనే ఉన్నారని నేను అనుకుంటున్నాను.

మిగతా లైన్ల సంగతి చెబుతాను. తమ్ముడికి ఫోను చేసి అడిగితే ఫీజు గడువు ఇంకా ఇరవై రోజులుందట, అప్పటిదాకా అడగలేదు. పాట వచ్చే ఆదివారం. పిన్ని కూతురి ఇంటిని తనే పెన్నుతో కొట్టేసింది, కాగితం చిరిగేంత గట్టిగా. ఆ చెల్లెమ్మ ఇప్పుడు ఇక్కడ లేదు. కూడిక సంగతి తర్వాత, ముందు ఇంటికెళ్లి పడుకోమని పంపించాను. పాస్టరుగారూ, క్షమించండి.

కాగితాలు, పెన్నులు పంచుతున్నారు. టీ వచ్చేలోపు ఎవరిది వాళ్లు రాయండి. మీకు మీరుగా చూపిస్తే తప్ప ఎవరూ చదవరు.